గొంతు పెంచుట కాదు, హల్లు నిలుపుట



ఈ పుటలో నేను నెలనెలయు వ్రాయునది గ్రంథముల మాట గాని యింటిమాట కాదు. ఈ మారు మాత్రము మా యింట జరిగినదే చెప్పబూనితిని. దాచుకొన్నందున నెవరికిని లాభము లేదు. చెప్పినందున ఒక్క యింటనైనను ఒక్క గొంతు నిలిచినచో నా వ్రాత సార్థకమగును.

మా యింటివారు బడిపంతులు. పదునైదేండ్లుగా పాఠము చెప్పుచున్నారు. వారి గొంతు వీధి మొదటనే వినబడునని ఇరుగుపొరుగువా రనుచుండగా మేము దాని నొక గొప్పగానే చెప్పుకొనెడివారము. గడచిన దసరా సెలవులకు ముందు ఒకనాటి సాయంకాలము వారు బడినుండి వచ్చి అరుగుమీద కూర్చుండి, నా వంక చూచి, చేతితో మంచినీళ్లకు సైగ చేసిరి. వేళాకోళ మనుకొని నేను నవ్వితిని. వారు నోరు తెరచి ఏదియో చెప్పబోయిరి. గాలి వచ్చినది, మాట రాలేదు. ఆ ముఖము చూచినప్పుడు నా నవ్వు నాకే వెగటైనది. పంతులకు గొంతు పోవుట కమ్మరికి చేయి పోవుటవంటిదే గదా!

తరువాత నేను చేసిన పని మనలో ననేకులు చేయునదే. మిరియాల కషాయము కాచితిని. శొంఠి నూరితిని. తేనె నాకించితిని. ఆదివారము నాటికి గొంతు కొంత తేరును. బుధవారము నాటికి మరల బొంగురుపోవును. గొంతును కాపాడుకొనవలెనని వారింట గుసగుసగా మాటాడసాగిరి. మా అత్తగారికి వినికిడి తక్కువ. కొడుకు గుసగుస ఆమెకు వినబడదు. ఆమె "ఏమిటి నాయనా?" అని రెండుమారు లడుగును. మూడవమారు వారు కేక వేయుదురు. ఇట్లు పగలు బడిలో కేకలు, రాత్రి యింట గుసగుసలు, నడుమ నా కషాయములు. మూడు నెలలు గడచినవి. ఆ మూడు నెలల యాలస్యము నాదే. అది యొప్పుకొనుటకే ఈ వ్యాసము మొదలుపెట్టితిని.

తుదకు చెవి, ముక్కు, గొంతు వైద్యము చేయు డాక్టరుగారి యొద్దకు పోతిమి. ఆయన సన్నని గొట్టమును లోనికి పంపి, గొంతులోని దృశ్యమును తెరమీద నాకును చూపిరి. తెల్లని రెండు ముడుతలు తలుపురెక్కలవలె దగ్గరకు వచ్చుచు, దూరముగా పోవుచు నున్నవి. వానినే స్వరతంత్రు లందురు. ఆ రెంటి యంచులమీద ఎదురెదురుగా ఆవగింజకన్న చిన్నవైన బొడిపెలు రెండు. "రోకలి పట్టిన అరచేత కాయలు కాచును గదా, ఇవియు నట్టివే" అని ఆయన చెప్పిరి. శస్త్రచికిత్స యక్కరలేదు, మాటాడు తీరు మారవలెను, గుసగుసలు మానవలెను, ఏలయన బలవంతపు గుసగుస కూడ గొంతును బిగించును అనిరి. తరువాత మాటకు చికిత్స చేయు నొక యువతి యొద్దకు పంపిరి.

ఇచ్చట లెక్క యొకటి చెప్పవలెను. మాటాడునపుడు పురుషుని స్వరతంత్రులు క్షణమునకు, అనగా గడియారపు సెకండునకు, సుమారు 120 మారులు ఒకదాని నొకటి తాకును. మన స్త్రీల తంత్రులు పొట్టివి గనుక సుమారు 200 మారులు తాకును. పాఠము చెప్పు దినమున మొత్తము మీద అరగంటసేపు మాత్రమే కంఠము మ్రోగినదనుకొన్నను, పంతులుగారి గొంతులో నాదినము 2,16,000 తాకిడులు! మెల్లగా తాకిన రెక్క లన్ని మారులైనను నిలుచును. విసరి కొట్టిన రెక్కలకు కాయలు కాయక మానవు. ఇతర వృత్తులవారికంటె ఉపాధ్యాయులకును, వారిలో పురుషులకంటె స్త్రీలకును గొంతు బాధలు హెచ్చని పలుదేశములలో జరిగిన పరిశీలనలు తెలిపినవి. చదువరులలో పంతులమ్మలున్నచో ఈ మాట మరింత శ్రద్ధగా వినవలెను.

చికిత్స చేయు నాయువతి వారి గొంతును గూర్చి యేమియు నడుగక, "తరగతిలో పిల్లలతో నెట్లు మాటాడుదురో అట్లు నాలుగు నిమిషములు మాటాడుడు" అనెను. విని, నావైపు తిరిగి, "అమ్మా, ఈ వారము వీరి కేకలలో మొదటి యక్షరము లేమేమో వ్రాసి తెండు" అనెను. నాకు వింతగా తోచినది. అయినను ఇంటికి వచ్చి వ్రాయ మొదలిడితిని. ఏయ్! ఆగు! ఇటు రా! ఎవడురా అది? ఊరుకో! ఒరే! ఏమిరా! ఎందుకురా! అరవకు! ఇరువదినాలుగు కేకలు వ్రాయగా పందొమ్మిది అచ్చుతోనే మొదలైనవి. తెలుగున కోపమునకు అచ్చన్న నింత యిష్టమని నేనెన్నడును గమనింపలేదు. ఆ కాగితము చూపగా మా యింటివారు చదివి, సైగతో నన్ను చూపి, క్రింద నొకమాట వ్రాసిరి: "మరి నీ 'ఏమండీ' మాట యేమి?" దానికి నాయొద్ద ప్రత్యుత్తరము లేకపోయెను.

అచ్చుతో మొదలైన మాటకును గొంతులోని కాయకును సంబంధ మెట్టిదో తెలియవలెనన్నచో, హల్లులు గొంతును ఏమి చేయునో ముందు తెలియవలెను. మనము సాధారణముగా హల్లులు నోటిలో పుట్టునవి, నాదము గొంతులో పుట్టునది, ఒకదానితో నొకదానికి పని లేదు అనుకొందుము. అది సరికాదు. ప్రతి హల్లును గొంతు తలుపునకు ఒక యాజ్ఞ యిచ్చును.

చిన్ననాట మా తండ్రిగారు నాకు శిక్షాగ్రంథములు చెప్పిరి. అప్పుడు కంఠపాఠము చేసినది నలుబదేండ్లకు దగ్గరగా వచ్చిన యిప్పు డర్థమైనది. తైత్తిరీయ ప్రాతిశాఖ్యము ఈ సంగతిని మూడు మాటలలో తేల్చినది. కంఠము మూసికొన్నప్పుడు నాదము పుట్టును. తెరచుకొన్నప్పుడు శ్వాస పుట్టును. రెంటి నడుమ నున్నప్పుడు హకారము పుట్టును. క చ ట త ప లకు మూలము శ్వాస. గ జ డ ద బ లకు మూలము నాదము. ఘ ఝ ఢ ధ భ లకు ఆ నడిమి స్థితి. చిన్నయసూరిగారు మొదటివానిని పరుషములనియు, రెండవవానిని సరళములనియు పేర్కొన్నారు. ఆ పేళ్లలోనే గొంతు స్థితి స్ఫురించుచున్నది. గొంతులోనికి తొంగిచూచు నద్దము లేని కాలమున ఇది కనుగొన్నవారి చెవి యెంత సూక్ష్మమైనదో గదా! సజీవుని స్వరతంత్రులు కదలుట తేటగా చూచి లోకమునకు చెప్పినవాడు మాన్యుయెల్ గార్షియా యను స్పెయిను దేశీయుడు. అతడు వైద్యుడు కాడు, సంగీతము నేర్పు గురువు. 1854వ సంవత్సరమున పండ్లవైద్యుల చిన్న యద్దమును తన గొంతుకడ నుంచి, చేతి యద్దముతో ఎండను దానిపై ప్రసరింపజేసి, తన గొంతును తానే చూచుకొనెను. శ్వాసకును నాదమునకును గల యీ భేదమును ఐరోపా పండితులు స్పష్టముగా గ్రహించినది మన యీ ప్రాచీన గ్రంథములు వారి చేతికి వచ్చిన పిమ్మటనే.

సోదరీ, ఈ వ్యాసము చదువుచునే మీరు పరీక్షింపవచ్చును. రెండు వ్రేళ్లను గొంతుమీద మెత్తగా నుంచి "స్‌స్‌స్" అని సాగదీయుడు. వ్రేళ్ల క్రింద ఏమియు కదలదు. తలుపు తెరచియున్నది. ఇప్పుడు "మ్‌మ్‌మ్" అనుడు. తుమ్మెద మ్రోగినట్లు వ్రేళ్లకు తెలియును. తలుపు దగ్గరకు వచ్చి కదలుచున్నది. పిమ్మట సన్నని కాగితపు ముక్క నొకదానిని పెదవులకు ముందు పట్టుకొని "బా" యనుడు, "భా" యనుడు. మొదటిదానికి కాగితము అంతగా చలింపదు; రెండవదానికి లేచి యాడును. గొంతు పూర్తిగా మూసికొనక గాలిని నాదముతో కలిపి వదలినది గనుక అట్లగును.

హల్లు పోయిన పిమ్మటను దాని జాడ వెంటనున్న యచ్చుమీద కొంతసేపు నిలుచును. "కా" యనునపుడు ఆకారము కొంచెము హెచ్చు శ్రుతిలో మొదలగును. "గా" యనునపుడు కొంచెము తగ్గు శ్రుతిలో మొదలగును. "భా" లోని యాకారము మొదట గాలిని మోసికొని వచ్చును. "మా" లోని యాకారము ముక్కులో మ్రోగును. కనుక అచ్చు ఒక్కటే యైనను, ముందున్న హల్లును బట్టి గొంతు రంగు మారుచుండును. ఈ జాడ యెంత బలమైనదో పంజాబీ భాషవలన తెలియును. హిందీలో గుఱ్ఱమును "ఘోడా" యందురు. పంజాబీలో ఆ "ఘ" కారము లోని యూపిరి కాలక్రమమున జారిపోయి "క" వలె మారినది. కాని అది తగ్గించిన శ్రుతి మాత్రము అచ్చుమీద నిలిచిపోయినది. ఆ శ్రుతిభేదమే నేడు పంజాబీలో అర్థభేదమును తెలుపుచున్నది. హల్లు చచ్చియు గొంతులో బ్రదికియున్న దన్నమాట.

ఇప్పుడు అచ్చుతో మొదలగు కేకల సంగతి. "మా"యని మొదలిడినపుడు మకారము తలుపును మెల్లగా దగ్గరకు చేర్చి, నాదము మొదలైన పిమ్మట అచ్చును వదలును. "హా" యన్నపుడు గాలి ముందుగా వచ్చి తలుపును మెత్తగా కదలించును. కాని కోపముతో "ఏయ్" అన్నపుడు నడుమ ఏ హల్లును లేదు. తలుపు ముందే బిగించుకొని, లోపలి గాలి తన్నగా టక్కున విడిపోయి, మరల దెబ్బున మూసికొనును. అట్టి దెబ్బలు దినమునకు వందలు. రోకటి కాయకు మూలమిదియే. అచ్చు చెడ్డది కాదు సుమా! మెల్లగా పలికిన అచ్చు మెల్లగానే పుట్టును. కోపము, తొందర, అచ్చు, ఈ మూడును కూడినప్పుడే గొంతునకు కీడు.

ఇందులో నా కొక చమత్కారము తోచినది. యకారముగాని, వు వూ వొ వో లు గాని తెలుగు మాటల మొదట నుండవని బాలవ్యాకరణము శాసించినది. కాని మన పెద్దవాండ్రు నేటికిని "యెవరు" అనియు "వొకటి" అనియు పలుకుదురు. పాత వ్రాతలలోను అట్లే కనబడును. చిన్ననాట నేనట్లు వ్రాసినప్పుడు తండ్రిగారు తప్పు దిద్దిరి. వ్రాతలో అది తప్పే. కాని పలుకుబడిలో ఆ చిన్న యకారము, ఆ చిన్న వకారము అచ్చు తలుపును కొట్టుకొనకుండ మెత్తగా తెరచుచున్నవి. వ్యాకరణ మొప్పుకొనని దానిని గొంతు మెచ్చుకొన్నది.

ఇక కేక వేసినచో మాట తెలియునను భ్రమను గూర్చి చెప్పెదను. మా పెరటిలో నూతికడ నుండి నే నొకనాడు మా పెద్దవానిని "పాలు తెమ్ము" అని కేక వేయగా వాడు తాడు తెచ్చి నిలిచెను. వాడి తప్పు లేదు. కేకలో పెరుగునది అచ్చు, హల్లు పెరుగదు. పకారమున పెదవులు మూసి విడుచుటకు పట్టు కాలము కన్ను మూసి తెరచునంత కూడ లేదు. దానిని గట్టిగా నరచుట కుపాయము లేదు. కనుక గొంతు పెంచినకొలది ఆకార మింతంతై హల్లును కప్పివేయును. దూరమున నున్నవానికి "ఆ...ఊ" అని మాత్రము వినబడును. అర్థమును మోయునది హల్లు. శబ్దమును మోయునది అచ్చు. మనము శబ్దమును పెంచి అర్థమును పోగొట్టుకొనుచున్నాము.

మా అత్తగారు ఈ సంగతిని ఏనాడో చెప్పినది. మాకే చెవులు లేవు. "గొంతు వినబడుచునే యున్నదే, మాట మాత్రము తెలియుట లేదు" అని యామె యనుచుండగా, మేము మరింత గట్టిగా నరచెడివారము. ముసలితనమున వినికిడి తగ్గునపుడు సాధారణముగా ముందు తగ్గునది సన్నని హెచ్చు శ్రుతుల వినికిడి. అచ్చుల బలము తగ్గు శ్రుతులలో నున్నది. స, శ, చ, త వంటి హల్లుల గుర్తులు హెచ్చు శ్రుతులలో నున్నవి. కనుక ముసలివారికి అచ్చులు వినబడును, హల్లులు జారిపోవును. అరచినచో అచ్చులే పెరిగి చెవికి బాధ గలుగును. ఆమె యెదుట కూర్చుండి, పెదవులు కనబడునట్లు, హల్లు హల్లును నిలిపి, తొందర లేక పలికిన దినమున ఆమె మొదటిమాటకే "ఊ" కొట్టెను. "ఈవేళ నా చెవులు బాగుపడినవే!" అని యామె సంతోషించినది. బాగుపడినవి మా నోళ్లు.

చికిత్స చేయు నాయువతి మా యింటివారికి నేర్పినది చెప్పెదను. మొదట పెదవులు మెత్తగా మూసి "మ్" అని మ్రోగించుట. ముక్కు ప్రక్కలను, పెదవులమీదను చక్కిలిగింతవంటి కదలిక తెలియవలెను. గొంతులో బిగువు తెలియరాదు. తరువాత "మా, మే, మో" యని మకారము మీదుగా అచ్చునకు దిగుట. తరువాత "మామ, మామిడి, నాన్న, నూనె" వంటి అనునాసికముల మాటలు. పిమ్మట సరళముల మాటలు. పరుషములు చివరకు. ఇంకొకటి: గిన్నెలో నీళ్లు పోసి, సన్నని గొట్టమొకటి నీటిలో ముంచి, బుడగలు వచ్చునట్లు "ఊ" యని యూదుట. మా చిన్నది అది చూచి తండ్రితో పోటీకి కూర్చున్నది. నవ్వులాటవలె నున్నను దానికి కారణమున్నది. పెదవులకడ దారి సన్నమైనప్పుడు గాలి కొంత వెనుకకు ఒత్తి స్వరతంత్రుల నూతగొనును. అవి విసరికొట్టుకొనక మెల్లగా తాకుచు కదలును. మకారమున పెదవులు మూసియుండుటవలనను ఇంచుమించుగా ఇట్లే మేలు కలుగును. చూడుడు, నోటికడ హల్లు చేయు పని గొంతుకడ మందయినది.

పాణినీయ శిక్షలో వర్ణములను పలుకవలసిన తీరునకు ఒక యుపమానము చెప్పబడినది. ఆడుపులి తన కూనలను కోరలతో పట్టుకొని పోవునట్లు పలుకవలెనట. పట్టు సడలినచో కూన పడిపోవును, బిగించినచో గాయపడును. చిన్ననాడు నేను దీనిని విని, పులి భయము తప్ప మరేమియు గ్రహింపలేదు. తల్లినైన పిమ్మట కొంత గ్రహించితిని. మా యింటివారి గొంతు పోయి వచ్చిన పిమ్మట పూర్తిగా గ్రహించితిని. మనలో కొందరు హల్లులను జారవిడుతురు. "చెప్తన్న" అని సగము, "వస్తన్న" అని సగము. మరికొందరు ప్రతి హల్లును కొరికి యుమియుదురు. మొదటివారి మాట వినువానికి చేరదు. రెండవవారి గొంతు వారికే దక్కదు. నడిమి పట్టు కావలెను.

ఇచ్చట తల్లులకు ఒక హెచ్చరిక. హల్లు స్పష్టముగా నుండవలెనన్నానని, "భారతము"ను "బారతము" అన్న పిల్లవానిని ఎగతాళి చేయకుడు. తెలుగునకు చిన్నయసూరిగారు చెప్పిన వర్ణములు ముప్పదియారు. వానిలో ఒత్తు పలుకులు లేవు. అవి సంస్కృతపు మాటలతో వచ్చినవి. అచ్చతెలుగు నోటికి అవి యలవాటు లేకపోవుట మందమతి గుర్తు కాదు. ఎగతాళి పడిన పిల్లవాడు గొంతు బిగించుకొని పలుకును. బిగించుకొన్న గొంతునుండి ఏ యక్షరమును చక్కగా రాదు. కాగితపు ముక్క నిచ్చి "భా" అని యాడించుడు. వాడే నవ్వుచు నేర్చుకొనును.

మా యింట ఇప్పుడు నడచుచున్న పద్ధతులు కొన్ని చెప్పి ముగించెదను. దూరమున నున్నవారిని కేక వేయము. దగ్గరకు పోయి మాటాడుదుము, లేదా చప్పట్లు చరచుదుము. పిలువవలసినచో ముందు పేరు పిలిచి, పిమ్మట పని చెప్పుదుము. మాటిమాటికి గొంతు సవరించుకొనుట మాని, ఒక గ్రుక్క నీరు త్రాగుదుము. సవరించుట కూడ తలుపును కొట్టుటయే. రాత్రి భోజనమైన పిమ్మట పిల్లలు ఒక పుట బయటికి చదువుదురు. గట్టిగా చదివినవానికి మెప్పు లేదు. గది చివర కూర్చున్న నాయనమ్మకు మాట తెలియునట్లు మెల్లగా చదివినవానికే మెప్పు. ఎవరికైనను జలుబు లేకయే మూడు వారములు మించి గొంతు బొంగురుగా నున్నచో, లేక రక్తము పడుట, మ్రింగుట కష్టమగుట, ఊపిరి యాడకుండుట కనబడినచో, కషాయములతో కాలము పుచ్చక వెంటనే డాక్టరునకు చూపవలెను. బొంగురుకు కారణములు పెక్కు గలవు. కొన్ని పెద్దవియు నుండును. నా మూడు నెలల యాలస్యము మీకు వలదు.

వారి గొంతు నాలుగు నెలలకు తేరినది. బొడిపెలు చాలవరకు తగ్గినవని డాక్టరుగారు చెప్పిరి. వీధి మొదటనే వినబడు పాతగొంతు మాత్రము మరల రాలేదు. మేము దానిని కోరుటయు లేదు. తరగతిలో వారిపుడు "ఏయ్" అనరు. బల్లమీద రెండుమారులు మెల్లగా తట్టి, నిలిచి, పిల్లవాని పేరు పలుకుదురు. మొన్న నొక పిల్లవాడు తన పుస్తకము కొరకు మా యింటికి వచ్చినప్పుడు నేను, "మీ మాష్టారు ఇప్పుడెట్లు చెప్పుచున్నారు నాయనా?" అని యడిగితిని. వాడు కొంచె మాలోచించి, "ముందు కేకలు వినబడేవండి. ఇప్పుడు పాఠం వినబడుతోందండి" అనెను.

లోపల నుండి వారిది విన్నారో లేదో తెలియదు. నేనిప్పుడు వారిని "ఏమండీ" యని గాక, దగ్గరకు పోయి, "మంచినీళ్లు తేనా?" యని మకారముతోనే మొదలిడుచున్నాను. మీరును మీ యింట ఒక్కదినము కేకల మొదటి యక్షరములను వ్రాసి చూడుడు.